వేణికి ఏ మెట్టు?

నమోదు 1

ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే ప్రతివారూ నమోదు రాసి పంపాలని పాఠశాఖ ఉత్తర్వు. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. దీన్ని చదవాల్సిన ఉద్యోగి ఎవరో గాని, ఆయన మీద నాకు ఇప్పటినుంచే జాలిగా ఉంది.

పొద్దున లేచి గోడలు తుడిచాను. సముద్రం అడుగున కాపురం కదా, గోడలకు ఎప్పుడూ చెమటే. ఒక్కపూట వదిలేస్తే పక్కబట్టలు పిండుకోవాలి. తరవాత గాలి జల్లెడలు కడిగి ఆరబెట్టాను. అవి ఆరవు. అయినా ఆ పనిని ఆరబెట్టడం అనే అంటాం. చద్దన్నంలోకి నాచు పచ్చడి, మా అత్తగారు సన్యాసమ్మ చేసింది. బాగుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే పచ్చడి బాగుంటోంది.

మా లోతుపేటలో బడి లేదు. ఉన్న కాసిని కుటుంబాల కోసం నీళ్ళలోకి దిగే మాస్టారెవరు? ఇంటికొక పాఠాల పెట్టె ఇచ్చారు. అది అడుగుతుంది, వింటుంది, మార్కులేస్తుంది. పిల్లకు పన్నెండేళ్ళు నిండేలోగా ఏ మెట్టు చదువు చదవాలో ఖాయం చేయాలి. ఖాయమయ్యాక మూడేళ్ళపాటు అది మారదు.

మా వేణికి పన్నెండు నిండబోతున్నాయి. దానికి చక్రాల పని కావాలి. పేట అవతల నీటి ఒరవడికి తిరిగే పెద్ద చక్రాలున్నాయి, గట్టు మీది ఊళ్ళన్నిటికీ కరెంటు వాటి నుంచే. గట్టంటే ఏదో చెరువుగట్టు కాదు, నేల మీద ఉన్న ప్రపంచం మొత్తం మా వాళ్ళకు గట్టే. వేణి వాళ్ళమ్మ పైడమ్మ ఆ చక్రాల మీదే పని చేస్తుంది. ఆమె చేరినప్పుడు చదువు అడగలేదు, ఈత వచ్చా అని అడిగారు. ఇప్పుడు ఏడో మెట్టులో ఉన్న పిల్లల్నే చక్రాల శిక్షణకు తీసుకుంటున్నారు, అదీ పదమూడో ఏట. ఆ వయసు దాటితే ఇక తీసుకోరు. మిగిలినవాళ్ళు గొట్టాల్లో పాచి గీకాలి. గీకడంలో తప్పేమీ లేదు, నేను గీకుతున్నాను. నా కూతురు గీకకూడదు, అంతే.

నమోదు 2

పెట్టె వేణిని పరీక్షించింది. పెద్దలు గదిలో ఉండవచ్చు గాని నోరు విప్పకూడదు. నేను పక్కనే జల్లెడలు సర్దుకుంటూ, ఏడు వస్తుందా ఎనిమిది వస్తుందా అని ఆలోచిస్తున్నాను.

నాలుగు వచ్చింది.

మొదట నవ్వొచ్చింది. చక్రం రెక్కను ఇంకాస్త వంచితే ఎంత ఎక్కువ నీళ్ళు పడతాయో లెక్కకట్టి, మొన్ననే వాళ్ళమ్మతో వాదించి గెలిచిన పిల్ల ఇది. నాలుగో మెట్టులో ఏముందో తెరిచి చూశాను. రైలు ఎన్ని గంటలకు బయలుదేరి ఎన్ని గంటలకు చేరింది అని ఉంది. మా పిల్ల రైలునే చూడలేదు, దాని ఆలస్యంతో దీనికేం పని?

పైడమ్మ పని నుంచి వచ్చి, తల తుడుచుకుంటూ విషయం వింది.

“నాలుగేటి? గుంట నన్నే నోరు మూయించీసినాది మొన్న. మీ గట్టోల్ల పెట్టెకి మతి పోనాదేటి మావా?”

“పెట్టెకి మతి ఉండదు పైడీ, లెక్క ఉంటుంది.”

“అయితే లెక్క తప్పినాది. మల్లీ అడగమను.”

నమోదు 3

లెక్కలోకి వచ్చే పరీక్షలు రెండే. ఉత్తుత్తివి ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఒక ఉత్తుత్తిది పెట్టించి, ఈసారి ఎదురుగా కూర్చుని చూశాను.

పెట్టె ప్రశ్న అడిగింది. వేణి పలక మీద వేలితో ఏదో గీసింది, పెదాలు కదిపింది. జవాబు నాకు కనిపించింది, సరైనదే. అప్పుడది తలెత్తి నా వైపు చూసింది. నేను మాట్లాడకూడదు గనక రాయిలా కూర్చున్నాను. అది ఎదురుచూసింది. జవాబుకిచ్చిన గడువు అయిపోయి, పెట్టె దీపం ఆరిపోయింది. ‘తెలియదు’ అని వేసుకుని పెట్టె తరవాతి ప్రశ్నకు వెళ్ళింది. చివరిదాకా ఇదే వరస.

“ఎందుకే చెప్పవు? వచ్చు కదా!”

“వచ్చు. నువ్వు సూసి సెప్పనేదు కదా నాన్నా.”

ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి కూడా ఈ సంగతి నాకు తట్టలేదంటే నన్ను కూడా నాలుగో మెట్టులోనే వేయాలి.

గట్టు మీద చదివేవారి కోసం రాస్తున్నాను. ఇక్కడ ఒక మనిషి చూసి చెప్పింది చెల్లదు. రెండో మనిషి తన కళ్ళతో చూసి అదే మాట చెప్పాలి, అప్పుడే ఎవరి చెయ్యయినా కదలాలి. దీన్ని జంటమాట అంటారు. గాలి తలుపుల దగ్గర ప్రాణభయంతో మొదలైన పద్ధతి ఇది, మెల్లగా వంటిళ్ళలోకి కూడా వచ్చేసింది. కూరలో ఉప్పు సరిపోయిందని వండినావిడ ఒక్కతే అనుకోదు, గరిటె ఇంకొకరి నోటికి అందిస్తుంది. పసిబిడ్డ నిద్రపోయిందా అని ఇద్దరు తొంగి చూస్తారు. మా పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నన్ను ఎగాదిగా చూసి “కుర్రోడు బాగున్నాడు” అంది. పక్కింటి ముసలాయన లేచి వచ్చి, నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, “బాగున్నాడు” అన్నాడు. ఆ తరవాతే నాకు కాఫీ ఇచ్చారు.

అలాంటి ఊళ్ళో పుట్టిన పిల్ల ఒంటరిగా జవాబెలా చెబుతుంది? దానికి సిగ్గు.

నమోదు 5

పాఠశాఖ సలహాదారు సుమేధ గారితో ఫోనులో మాట్లాడాను. మర్యాదస్తురాలు. జంటమాట సంగతి శ్రద్ధగా విన్నది.

“మీ ఆచారం చాలా బాగుందండీ. కాకపోతే ఏడో మెట్టు పిల్ల తడుముకోకుండా, సొంతంగా చెప్పగలగాలి. పరీక్షలో అది కూడా చూస్తామండీ.”

“తడుముకోవడం లేదండీ. రెండో మనిషి కోసం చూస్తోంది.”

“పెట్టెకు రెండూ ఒకటేనండీ.”

“పోనీ ఇద్దరు పిల్లల్ని కలిపి కూర్చోబెడితే?”

“దాన్ని కాపీ అంటారండీ” అంది, ఏమాత్రం ఎగతాళి లేకుండా.

రెండో పరీక్ష పుట్టినరోజుకు ముందురోజు. అదే ఆఖరుది.

నేను గట్టు మీద పుట్టినవాణ్ణి, తెనాలి దగ్గర. ఎనిమిదో మెట్టు దాకా చదివాను. మా క్లాసులో జవాబు తెలిసినవాడు చెయ్యెత్తి అరిచేవాడు. ఎంత ముందు అరిస్తే అంత తెలివైనవాడు. ఇంకేం వచ్చినా రాకపోయినా ఆ విద్య నాకు బాగా వచ్చు. అదే నేర్పుతాను.

నమోదు 6

చప్పట్ల ఆట మొదలుపెట్టాను. ప్రశ్న అడిగి నా రెండు చేతులూ దూరంగా పెడతాను. అవి కలిసేలోగా జవాబు రావాలి.

మొదటి రోజు ఒక్కటీ రాలేదు. చేతులు ఎర్రబడ్డాయి, నావి. వేణి ఏడ్చింది.

“ఒక్కదాన్నే సెప్తంటే అబద్దం ఆడినట్టుంటంది నాన్నా.”

“ఉండనీ. అలవాటవుతుంది.”

“ఎవులూ సూడకండా నిజఁవని ఎలగ తెలస్తాది?”

“నీకు తెలుసు కదా, చాలు” అన్నాను. అది నన్ను చాలాసేపు అనుమానంగా చూసింది.

ఈ వారమంతా పైడమ్మ చక్రాల దగ్గర బసలోనే ఉంటుంది. ఇంట్లో ఉంటే ఈ ఆటకు ఒప్పుకునేది కాదేమో. అందుకే తొందరపడుతున్నాను.

నమోదు 9

అలవాటయింది. ఇప్పుడు చేతులు సగం దూరం రాకముందే జవాబు వచ్చేస్తోంది. వేణికి కూడా మజా దొరికింది. గోడ తుడుస్తుంటే వెనకాలే తిరుగుతూ “అడుగు నాన్నా, ఇంకోటి అడుగు” అంటోంది.

మధ్యాహ్నం మా అత్తగారు నా మీదికి వచ్చింది.

“ఏటి అల్లుడుగోరూ, గుంట నాకు గరిటియ్యకండానే పొయ్యార్పీసినాది. ఉప్పు సాలిందని ఎవులు సెప్పినారు దానికి?”

“దాని నోరే చెప్పింది అత్తయ్యా.”

“దాని నోటికి ఇంకో నోరు తోడొద్దేటి?”

కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ మాటే అన్నాను. ఆవిడ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ప్రగతి సంతృప్తికరం.

నమోదు 11

ఉత్తుత్తి పరీక్షలో ఏడో మెట్టు! పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండుసార్లూ ఏడే. వేణిని ఎత్తుకుని తిప్పబోయాను. బరువెక్కింది, నడుం పట్టేసింది. అయినా చాలా సంతోషంగా ఉంది.

చక్రాల బసకు ఫోను కలిపి పైడమ్మకు చెప్పాను.

“నిజఁవేనా మావా? ఇంకెవులైనా సూసినారా?”

“నేను చూశాను, చాలదా?”

“నువ్వు గట్టోడివి” అని నవ్వింది. రేపు వస్తానంది. గుంటకి పీతలు తెస్తానని చెప్పమంది.

నమోదు 12

ఇది నిన్న రాయాల్సింది.

చక్రాల నుంచి వచ్చినవాళ్ళు రెండు తలుపుల మధ్య గదిలో కాసేపు కూర్చోవాలి. బయట నీటి ఒత్తిడి చాలా ఎక్కువ. గదిలో గాలిని కొద్దికొద్దిగా వదులుతూ ఆ ఒత్తిడిని ఇంటి ఒత్తిడికి దింపాలి. గోడ మీద ఒత్తిడి చూపే ముల్లు పచ్చగీత కిందికి దిగేదాకా, గాలి వదిలే మరను సన్నగానే తెరిచి ఉంచాలి. దిగాక పూర్తిగా తిప్పవచ్చు.

నిన్న తలుపు కాపలా మా అత్తగారిది. ఆవిడకు చూపు ఆనదని పేటలో అందరికీ తెలుసు. ఎవరికీ భయం లేదు, రెండో నోరు ఉంటుంది కదా. పదేళ్ళు దాటిన పిల్లలు వంతులవారీగా ఆ రెండో నోరుగా నిలబడతారు. నిన్నటి వంతు వేణిది.

నేను పైడమ్మకు పొడిబట్టలు తీసుకుని వెళ్ళాను.

మా అత్తగారు కళ్ళు చికిలించి చూసి, “ముల్లు దిగినాది” అంది.

“దిగినాది” అంది వేణి.

ఠక్కున అంది. ఆ క్షణంలో నాకు గర్వం వేసింది. ఎంత చురుగ్గా ఉందో నా కూతురు అనుకున్నాను. జరిగింది గనక రాస్తున్నాను.

మా అత్తగారు మర పూర్తిగా తిప్పేసింది. ముల్లు ఇంకా గీతకు చాలా పైన ఉంది.

గదిలో గాలి ఈల వేసుకుంటూ పోయింది. పైడమ్మ రెండు చేతులతో తల పట్టుకుని ముందుకు పడిపోయింది. తలుపు తీసేసరికి చెవిలోంచి కారిన రక్తం మెడ దాకా వచ్చింది. పక్కన పీతల బుట్ట అలాగే ఉంది.

“దిగతా ఉంది నాన్నా” అంటోంది వేణి, నా చొక్కా పట్టుకుని. “నాను సెప్పీసరికి దిగిపోతాదనుకున్నాను. దిగతానే ఉంది.”

నమోదు 14

గట్టు మీది డాక్టరు తెరలో చూశాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి కొంచెం వినిపిస్తుంది. లేచి నిలబడితే ఒళ్ళు తూలుతోంది, అది కొన్నాళ్ళకు తగ్గుతుందట. నీళ్ళలోకి మాత్రం ఇక ఎప్పటికీ దిగకూడదు.

పేటవాళ్ళు ఇద్దరిద్దరుగా వచ్చి చూసి వెళ్ళారు. ఎవరూ వేణిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో. అది మాట్లాడటం మానేసింది. ఆకలేస్తోందా అంటే నా మొహం చూస్తుంది. అన్నం పెడితే తింటుంది.

పైడమ్మ కుడి చెవి దగ్గర కూర్చుని చప్పట్ల ఆట సంగతి చెప్పాను. నా తప్పే అన్నాను.

“తెల్సు. అమ్మ సెప్పినాది” అంది. తల పైకప్పు వైపు తిప్పుకుంది. “నాను ఇంక సక్రం ఎక్కను మావా. అదైనా ఎక్కాల. పరీచ్చ ఎప్పుడు?”

“ఇప్పుడు పరీక్షేమిటి పైడీ?”

“నా సెవీ పోయి, దాని సదువూ పోతే మనకేటి మిగిల్నట్టు?”

నమోదు 15

పరీక్ష వాయిదా వేయమని సుమేధ గారిని అడిగాను. జరిగింది విని ఆవిడ నిజంగానే బాధపడింది.

“నా చేతుల్లో లేదండీ. పుట్టినరోజు దాటితే మొదటి ఫలితమే ఖాయమైపోతుంది.”

పుట్టినరోజును వాయిదా వేయడం నా చేతుల్లోనూ లేదు.

నమోదు 16

ఈరోజు పరీక్ష. పైడమ్మ పక్క మీద పడుకోనంది. గోడకు ఆనుకుని, పెట్టె దీపం కనిపించేలా కూర్చుంది. మా అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుంది. నేను పెట్టెకు ఎదురుగా కూర్చున్నాను. వేణి నోరు విప్పుతుందని నాకు నమ్మకం లేదు.

విప్పింది. ఇన్ని రోజుల తరవాత దాని గొంతు విన్నాను. మొదటి ప్రశ్నకు ఠక్కున జవాబు, సరైనదని ఆకుపచ్చ దీపం. రెండోదానికీ అంతే. నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. పెట్టె మీద మెట్టు అంకె పెరుగుతోంది. ఐదయింది. ఆరయింది. పైడమ్మకు ప్రశ్నలు వినబడటం లేదు గాని దీపం కనబడుతోంది. వెలిగిన ప్రతిసారీ మోకాలి మీద వేలితో కొట్టుకుంటోంది.

పెట్టె అడిగింది: “మూసి ఉన్న గదిలో గాలి ఒత్తిడి ఒక్కసారిగా సగానికి పడిపోయింది. వేడి మారలేదు. ఆ గదిలో ఉన్న ఒక గాలి బుడగ పరిమాణం ఏమవుతుంది?”

ఇది నేను నేర్పిందే. చప్పట్ల ఆటలో ఎన్నోసార్లు చెప్పింది. దాని పెదాలు ‘రెట్టింపు’ అని కదలడం చూశాను.

పైకి అనలేదు. పలక తీసుకుని లేచి, వెళ్ళి తల్లికి కుడిపక్కన కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టి అంది:

“అమ్మా, ఇది నీ సెవి సంగతే. నువ్వూ సూడు.”

పైడమ్మ అదిరిపడింది, నియమం మరిచిపోయింది. “ఒలే! సెప్పీయే ముందు! దీపం ఆరిపోతాది!”

“నువ్వు సూస్తేనే సెప్తాను.”

“నాకేటి తెలుస్తాదే? నాను సదువుకున్నానేటి?”

“నేర్పుతాను.”

పైడమ్మ నా వైపు చూసింది. చెప్పమను, అన్నట్టు చూసింది. ఒక్క మాట గదిమితే అది చెప్పేసేది. ఏడో మెట్టు ఒక్క మాట దూరంలో ఉంది. నేను ఆ మాట అనలేదు. పరీక్షలో నోరు విప్పకూడదన్న నియమం వల్ల కాదు.

వేణి పలక మీద గది గీసింది. గదిలో బుడగ గీసింది. పెట్టె దీపం ఆరింది. తరవాతి ప్రశ్న వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది, మెట్టు అంకె కిందికి జారింది. చివరికి పెట్టె ఐదో మెట్టు అని ప్రకటించి, ఖాయం చేయడానికి తల్లిదండ్రుల వేలిముద్ర అడిగింది. ఏడు కానప్పుడు ఐదయినా నాలుగయినా మాకు ఒకటే.

నేను వేలు ఒత్తాను. చక్రాల శిక్షణ దానికి ఇక లేదు. పాఠశాఖ వారికి ఒక్క మాట. మీ దగ్గర ఐదు అని ఉంటుంది, ఉండనివ్వండి. మా ఇంట్లో రేపటి నుంచి ఏడో మెట్టు చదువు. పాఠాలు పెట్టె ఇవ్వకపోతే నా బుర్రలో ఎక్కడో పాచి కింద ఉన్నాయి, గీకి తీస్తాను. చదివేవాళ్ళు ఇద్దరు.

పైడమ్మ ఏడుస్తోంది. “నీ సక్రం పోనాదే పిచ్చిదానా” అంటోంది. వేణి ఆమె చెయ్యి పట్టుకుని పలక మీద పెట్టింది. బయట ఒత్తిడి తగ్గితే లోపలి గాలి ఎందుకు ఉబ్బుతుందో మొదట్నుంచీ చెప్పింది. పైడమ్మ అర్థం కాలేదంది. మళ్ళీ చెప్పింది. మా అత్తగారు అన్నం వండింది, గరిటె తెచ్చి నా నోటికి అందించింది, మేం తినేశాం. వాళ్ళిద్దరూ ఇంకా పలక ముందే ఉన్నారు.

చివరికి పైడమ్మ బుడగ చుట్టూ వేలితో పెద్ద గీత గీసింది.

“ఒత్తిడి సగఁవయితే ఇది రెండింతలవుతాది. నా సెవిలో గాలి అలగే అయినాది. అంతేనా?”

వేణి వెంటనే ఔననలేదు. గది చూసింది, మొదటి బుడగ చూసింది, తల్లి గీసిన గీత చుట్టూ మొత్తం చూసింది.

“రెండింతలవుతాది” అంది.

అప్పుడు వాళ్ళమ్మ ఒడి మీదుగా వాలి, ఎడమ భుజంలో మొహం దాచుకుంది. “సూడకండా సెప్పీసినానమ్మా. ముల్లు సూడకండానే సెప్పీసినాను. దిగతా ఉందని నాన్నకి అబద్దం ఆడినాను” అని ఏడ్చింది. దెబ్బ తగిలిన రోజు నుంచి అది ఏడవడం ఇదే మొదలు.

పైడమ్మ దాని వీపు మీద చెయ్యి వేసి, ఏమంటోందో తెలియక నా వైపు చూసింది. నేను చెప్పబోయేలోగా తనే దాని తల పైకెత్తింది.

“ఇటేపుకొచ్చి ఏడవ్వే. ఆ సెవి ఇనపడదు కదా.”

వేణి కుడివైపుకు వచ్చి కూర్చుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పి ఏడ్చింది.